పల్లె చర్చి - అభ్యుదయ సాహిత్యం

తెనాలిలో గుంటూరు వెళ్ళే పాసింజరు ఎక్కితే మొదట అంగలకుదురు వస్తుంది, తర్వాత సంగం జాగర్లమూడి, ఆ తర్వాత వేజెండ్ల. ఈ పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే మన సాహిత్య చరిత్రలో ఒక ఖాళీ కనిపిస్తుంది. 1943 ఫిబ్రవరిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల మొదటి మహాసభ జరిగింది తెనాలిలోనే. దానికి నాలుగేళ్ళ ముందు, 1939లో, కొలకలూరి ఇనాక్ పుట్టింది వేజెండ్లలో. ఈ రెంటికీ మధ్యనున్న సంగం జాగర్లమూడి నుంచి గుంటూరు పట్నానికి తాగునీరు పోతుంది. మహాసభ జరిగిన ఊరికీ, ‘ఊరబావి’ కథ రాసిన రచయిత పుట్టిన ఊరికీ మధ్య దూరం రైల్లో మూడు స్టేషన్లు. కాని ఆ దూరం దాటడానికి మన సాహిత్యానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. దాటిన తర్వాత కూడా ఒక భవనం దగ్గర మనం ఆగి లోపలికి తొంగి చూడలేదు. ఆ భవనం పల్లెలోని చర్చి.

ఈ ప్రాంతంలో ఏ ఊరికి వెళ్ళినా మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో ఒక ప్రార్థన మందిరం ఉంటుంది. పాతవి పెంకుటిళ్ళు. కొత్తవి స్లాబులు. గంట కొనే స్తోమత లేని చోట చెట్టుకొమ్మకు రైలుపట్టా ముక్క వేలాడదీసి దాన్నే మోగిస్తారు. ఆ చప్పుడు ఊళ్ళోకీ వినిపిస్తుంది. మన కథకులకూ వినిపించే ఉంటుంది. మన కథల్లో కూలి రేట్లున్నాయి, పాలేళ్ళున్నారు, అప్పులున్నాయి, కరువులున్నాయి, పోలీసులున్నారు. పల్లె అంతా ఉంది. ఆదివారం మాత్రం లేదు. ఇది ఎందుకు జరిగింది, దీనివల్ల మనకు కలిగిన నష్టం ఏమిటి అన్నదే ఈ వ్యాసంలో చర్చ.

రెండు ఒడ్లు, రెండు మిషన్లు

ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. మన విమర్శలో ‘మిషనరీలు’ అని ఒకే ముద్ద చేసి మాట్లాడటం అలవాటయింది. అది సరికాదు.

కృష్ణకు ఈ ఒడ్డున, గుంటూరుకు 1842 జూలై 31న హేయర్ అనే లూథరన్ పాదిరి వచ్చాడు. గుంటూరు, తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో ఎక్కువగా ఆ సంఘాలే పెరిగాయి. దక్షిణాన ఒంగోలు, బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. కృష్ణకు ఆ ఒడ్డున, మచిలీపట్నంలో, 1841లో ఇంగ్లండు చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దిగారు. వీళ్ళది ఆంగ్లికన్ సంప్రదాయం, అంటే బిషప్పు అధికారం కింద నడిచే ఎపిస్కోపల్ చర్చి. నోబుల్ పెట్టిన బడి మొదట పై కులాల పిల్లల కోసమే. పైన వెలిగించిన దీపం వెలుగు కిందికి తనంతట తానే దిగుతుందని ఆ రోజుల్లో దొరలూ నమ్మారు, మన సంస్కర్తలూ నమ్మారు.

చరిత్ర అలా నడవలేదు. కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల, 1859లో డార్లింగ్ అనే పాదిరి చేత బాప్తిస్మం పొందాడు. ఆయన వెంట ఇంటివాళ్ళు, బంధువులు, చుట్టుపక్కల పల్లెలు కదిలాయి. అంటే కృష్ణా తీరంలో పల్లె చర్చిని కట్టింది బందరు కాలేజీలో ఇంగ్లీషు చదివినవాళ్ళు కాదు, పొలంలో పనిచేసేవాళ్ళు. ఇది మనం గట్టిగా పట్టుకోవలసిన విషయం. మిషనరీ వచ్చి మతం మార్చాడు అన్న వాక్యంలో కర్త మిషనరీ. వెంకయ్య కథలో కర్త వెంకయ్యే. పీడిత ప్రజలు చరిత్ర నిర్మాతలు అని ప్రతి సభలోనూ చెప్పే మనం ఈ ఒక్క విషయంలో మాత్రం కర్తృత్వాన్ని దొరకు ఎందుకు అప్పగించాం?

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయన. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైనా తెలుగు నేర్చుకుని, ఎద్దుబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల సభలో, మీరు మాకు డబ్బిస్తున్నారు, ప్రాణాలిస్తున్నారు, స్నేహం మాత్రం ఇవ్వడం లేదు అన్న అర్థంలో దొరల ముఖం మీదే మాట్లాడినవాడాయన. డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథీడ్రల్ 1939లో పూర్తయింది. గోపురాలూ స్తంభాలూ చూస్తే గుడీ మసీదూ చర్చీ కలిసినట్టుంటుంది. ఆయన 1945 జనవరి 1న చనిపోయాడు. చర్చిల ఐక్యత కోసం ఇరవై అయిదేళ్ళు పనిచేసిన మనిషి, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడిన రోజు చూడలేదు. ఆ సంఘంలో బిషప్పుల పాలన కొనసాగింది. కృష్ణా గోదావరి అధ్యక్ష మండలం అందులోనిదే. ఆంధ్ర లూథరన్లు ఆ ఐక్యతలో చేరలేదు.

వంశవృక్షాలు వేరయినా పల్లెలో బతుకు ఒక్కటే. ఆ ఒడ్డున సీఎస్ఐ మందిరమైనా, ఈ ఒడ్డున లూథరన్ మందిరమైనా, లోపల చాప మీద కూర్చునేది పొద్దున నాటుకు వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చిన మనిషే.

చర్చి పల్లెకు ఏమిచ్చింది?

మొదటిది బడి. పల్లెలో ఉపదేశి ఉండేవాడు. పగలు పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు, సాయంత్రం కూలి నుంచి తిరిగి వచ్చినవాళ్ళను పోగుచేసి లాంతరు వెలుగులో ప్రార్థన చేయించేవాడు, చావుకీ పెళ్ళికీ తానే పెద్ద. ఊరి బడి గుమ్మం ఎక్కనివ్వని కాలంలో ఆ ఒంటి ఉపాధ్యాయుడి పాకే విశ్వవిద్యాలయం. నేను బడిపంతులుని కాబట్టి ఈ మాట కొంచెం అభిమానంతో అంటున్నానేమో. కాని ఇవాళ ఈ జిల్లాలో చదువుకుని ఉద్యోగాల్లో ఉన్న దళిత కుటుంబాల్లో తాతల వైపు వెతుకుతూ వెళితే, చాలా చోట్ల ఒక ఉపదేశో ఒక మిషన్ బడి పంతులో తగులుతాడు. ఆ పంతులు మీద మనకు మంచి నవల ఒక్కటైనా ఉందా? శరత్ నవలల్లో పల్లెటూరి పంతుళ్ళను చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాం. మన పక్క పల్లెలోని పంతులు మన కంట పడలేదు.

రెండవది పాట. తెలుగు క్రైస్తవులు అన్ని శాఖలవాళ్ళూ వాడుకునే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిచి చూడండి. కీర్తన తల మీద రాగం పేరూ తాళం పేరూ ఉంటాయి. వాటిలో అనేకం పురుషోత్తమ చౌదరివి. ఆయన 1803లో పర్లాకిమిడి దగ్గర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో క్రైస్తవం తీసుకుని, 1890 దాకా బతికాడు. కర్ణాటక సంగీతం సభల్లోకీ గుళ్ళలోకీ మాల మాదిగలను రానివ్వని శతాబ్దంలో ఆ రాగాలు ఈ పుస్తకం దారిన పల్లెలోకి వచ్చాయి. అక్షరం రాని ముసలమ్మ రాగం పేరు చెప్పలేదు, రాగం తప్పితే మాత్రం పట్టుకుంటుంది. కీర్తన మధ్యలో పడుచువాళ్ళు వరస మార్చితే ముందు వరసలోంచి మందలింపు వస్తుంది. ఇది సంగీత చరిత్ర కాదా? మన సాహిత్య చరిత్రకారులు కీర్తన వాఙ్మయం అని అధ్యాయం రాసి అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్యలతో ముగించారు. ఇన్ని లక్షలమంది నోట ప్రతి ఆదివారం పలికే కీర్తనలు ఆ అధ్యాయంలోకి రాలేదు. భక్తి సాహిత్యం మనకు పనికిరాదనుకుంటే అన్నమయ్యా పనికిరాడు. అన్నమయ్య పనికొస్తే, చౌదరి ఎందుకు పనికిరాడో ఎవరైనా చెప్పాలి.

మూడవది సంవత్సరం. ఎపిస్కోపల్ సంప్రదాయంలో కాలానికి ఒక క్రమం ఉంది. క్రిస్మసుకు ముందు ఆగమన కాలం, ఈస్టరుకు ముందు నలభై రోజుల లెంటు, మట్టల ఆదివారం, మంచి శుక్రవారం. పల్లె ఆ క్రమాన్ని తన పొలం క్రమంతో ముడి వేసుకుంది. కోతపండుగ రోజున బలిపీఠం ముందు ధాన్యం, గుమ్మడికాయలు, కోడిపిల్లలు, కోడిగుడ్లు, మొదటి కాపు వంకాయలు చేరతాయి. ప్రార్థన అయ్యాక అక్కడే వేలంపాట. పది రూపాయల గుమ్మడికాయను నవ్వులతో నూటయాభై దాకా పాడి, కొన్నవాడు మళ్ళీ కానుకగా ఇచ్చేస్తాడు. రోజూ అన్నం వండేటప్పుడు ఆడవాళ్ళు ఎసట్లో పోయబోయే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు. వారం చివర అది చర్చికి. ఆ పిడికెడు పిడికెడుతో ఉపదేశి బతికాడు, గోడలు లేచాయి. ఆ పెంకుటింటి గోడలో దొరల డాలరు కంటే కూలి స్త్రీ కడుపు మాడ్చుకున్న బియ్యమే ఎక్కువని నా లెక్క. భూమి లేనివాళ్ళు, తమది కాని పొలంలో పండిన ధాన్యాన్ని తమ పండుగలో తమ చేతులతో అర్పించడం అన్న ఒక్క సన్నివేశంలో ఎంత కథ ఉందో వేరే చెప్పనక్కరలేదు.

ఏమివ్వలేదు?

ఇక్కడ ఆగితే ఇది మిషన్ వార్షికోత్సవ సంచిక వ్యాసమవుతుంది. అది నా ఉద్దేశం కాదు.

చర్చి కులాన్ని చంపలేదు. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువయ్యారు, కృష్ణా ఆంగ్లికన్ సంఘాల్లో మాలలు ఎక్కువయ్యారు. చాలా ఊళ్ళలో రెండు పల్లెలకు రెండు మందిరాలు. ఒకే బైబిలు, ఒకే కీర్తనలు, రెండు గంటలు. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచినవాళ్ళు కూడా పెళ్ళి సంబంధం అనేసరికి పల్లె పేరు అడిగారు. అజరయ్య ఈ గోడను పగలగొట్టాలని జీవితమంతా ప్రయత్నించాడు. గోడ ఆయన కంటే ఎక్కువ కాలం బతికింది.

కూలి గురించి చర్చి మాట్లాడలేదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి, మెట్ట మాగాణి అయింది, ఎకరం విలువ పెరిగింది, డెల్టాలో ఒక కొత్త భూస్వామ్య వర్గం తల ఎత్తింది. కాలవ తవ్విన పార ఎవరిది? నీరు పారిన పొలం ఎవరిది? ఈ రెండు ప్రశ్నలూ ప్రసంగ పీఠం మీద వినిపించలేదు. తాగుడు మానండి, శుభ్రంగా ఉండండి, పిల్లల్ని బడికి పంపండి అని ఉపదేశి చెప్పాడు, మంచిదే. పాలేరు ఏడాది జీతం ఎన్ని బస్తాలు ఉండాలో చెప్పలేదు. ఆ మాట చెప్పినవాళ్ళు వ్యవసాయ కూలీ సంఘంవాళ్ళు. అందుకే ఒకే ఇంట్లో తల్లి కీర్తన పాడితే కొడుకు ఎర్రజెండా పట్టుకున్నాడు.

పెద్ద సంఘాల్లో అధికారం కోసం తగాదాలు, ఎన్నికలు, మిషన్ ఆస్తుల మీద కోర్టు వ్యాజ్యాలు ఎవరికీ కొత్త కాదు. పిడికెడు బియ్యం పోసిన స్త్రీకి ఆ కమిటీల్లో చోటు చాలాకాలం దొరకలేదు. 2013లో పుష్పలలిత నంద్యాల బిషప్పుగా అభిషిక్తురాలై, దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్పయింది. కర్నూలు జిల్లా పల్లె నుంచి వచ్చిన స్త్రీ ఆమె. వెంకయ్య బాప్తిస్మానికి అప్పటికి నూటయాభై నాలుగేళ్ళు.

మన రచయితలు ఎలా చూశారు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

గుర్రం జాషువా 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. గుంటూరులో లూథరన్ బడిలో పంతులుగా పనిచేశాడు. ఆయన ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. అరుంధతీసుతుడు గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి సందేశం పంపుతాడు. మనిషి వెళ్ళలేని గుడిలోకి గబ్బిలం వెళ్ళగలదన్నది కావ్యానికి ఆయువుపట్టు. ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. క్రైస్తవుడైన కవి తన కథానాయకుడి మొరను చర్చికి కాక శివుడికి ఎందుకు వినిపించాడు? మూసిన తలుపు ముందు నిలబడితేనే నేరం ఎవరిదో లోకానికి తెలుస్తుంది కనుక అన్నది ఒక జవాబు. తెరిచినట్టుండి లోపల మళ్ళీ గది గోడలున్న ఇల్లు ఆయనకు బాగా తెలుసు కనుక అన్నది ఇంకొక జవాబు. పురాణ కావ్యాలు రాశాడని క్రైస్తవులు ఆయనను దూరం పెట్టారు, కులం అడిగి పండితులు దూరం పెట్టారు. రెండు ఊళ్ళ మధ్య పొలిమేరలో నిలబడిన కవి ఆయన. ఆ తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాస్తే దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన విమర్శకులు గబ్బిలాన్ని తలకెత్తుకున్నారు, క్రీస్తు చరిత్రను మతగ్రంథం అని పక్కన పెట్టారు. ఒకే కవిని రెండుగా కోసి మనకు కావలసిన ముక్క తీసుకోవడం విమర్శ కాదు. వడ్రంగి శిష్యుడి కథలో కూలివాడి ముఖం కనిపిస్తుందా లేదా అని వెతకడం విమర్శ. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

ఇనాక్ ‘ఊరబావి’ సంగతి. ఊరి బావి నీళ్ళు అందని పల్లె, ఆ నీటి కోసం తిరగబడే మనుషులు, ఆ తిరుగుబాటులో ముందు నిలిచే స్త్రీ. దీన్ని ఎన్నిసార్లు పాఠం చెప్పినా తరగతి నిశ్శబ్దమైపోతుంది. సంగం జాగర్లమూడి నీరు గుంటూరు కుళాయిల్లోకి పోయే చోట, పక్క ఊరి రచయిత నీటి కథ రాయడం కాకతాళీయం కావచ్చు. కాని డెల్టా మధ్యలో దాహం అన్నది కాకతాళీయం కాదు. అది వ్యవస్థ. ఇనాక్ బలం ఏమిటంటే ఆయన పల్లెను లోపలి నుంచి చూశాడు. పల్లె మనుషుల తెలివి, మొండితనం, హాస్యం ఆయన కథల్లో కనిపించినట్టు మన సానుభూతి కథల్లో కనిపించవు. మనం పల్లెను జాలితో చూస్తే ఆయన గర్వంతో చూశాడు.

మూడవది జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’, 2000లో వచ్చిన నవల. పల్లె చర్చి చరిత్రను విప్లవ సాహిత్యం మొదటిసారి నేరుగా ఎదుర్కొన్నది ఇందులోనే. ముసలితనంలో రూతు జ్ఞాపకం చేసుకుంటూ ఉంటే ఎన్నెల దిన్ని నుంచి తరతరాలు కదులుతాయి. పాట కట్టే ఎల్లన్న, ఆయన భార్య సుభద్ర, కరువులో ఊరు విడిచిపోయే శివయ్య, శశిరేఖ. ఆ శివయ్య క్రైస్తవంలో సీమోను అవుతాడు. మత మార్పిడి డబ్బు ఆశ వల్లనో దొర మాయ వల్లనో జరిగిందన్న వాదాన్ని ఈ నవల బద్దలు కొట్టింది. కరువూ కులమూ రెండు వైపుల నుంచి తరిమితే మనిషి మనిషిగా నిలబడడానికి వెతుక్కున్న చోటు అది అని చూపింది. బయలాట, పాట, కథ చెప్పే తీరు ఇవన్నీ పల్లె సొంత ఆస్తులని కూడా చూపింది. ఇది పెద్ద విజయం.

అయితే ఒక అసంతృప్తి నాకు మిగిలిపోయింది. నవలలో చర్చి ఒక దారి. ఎన్నెల దిన్ని నుంచి బయలుదేరినవాళ్ళు దాని మీదుగా నడిచి చివరికి అడవి చేరతారు. మనవడి తరానికి వచ్చేసరికి చర్చి వెనకపడిపోతుంది. చారిత్రకంగా కొందరి విషయంలో ఇది నిజమే. కృష్ణా జిల్లా క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన కె. జి. సత్యమూర్తి, మన శివసాగర్, ఎక్కడికి నడిచాడో మనకు తెలుసు. ఆ కుటుంబ కథనే ఆయన మేనకోడలు సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో పుస్తకంగా రాసింది. కాని నడిచి వెళ్ళినవాళ్ళు కొందరు, అక్కడే ఉండిపోయినవాళ్ళు లక్షలు. ఆదివారం తెల్లచీర కట్టుకుని, సోమవారం కలుపుకు వెళ్ళి, మళ్ళీ ఆదివారం వచ్చే స్త్రీ మన నవలల్లో ఇంకా ప్రధాన పాత్ర కాలేదు. ఆమెను నవలలోకి తీసుకురావాలంటే ఆమెకు ఆ అరగంట ప్రార్థన ఏమిస్తుందో రచయితకు తెలియాలి. మనకు అది తెలియదు. తెలుసుకోవడం అవసరమని కూడా అనుకోలేదు.

ఎందుకనుకోలేదు? మార్క్స్ మతాన్ని మత్తుమందు అన్న మాట మనం కంఠస్థం చేశాం. దానికి ముందు ఆయన అన్నది, మతంలో పీడితుల నిట్టూర్పు ఉందన్నది, మరిచిపోయాం. నిట్టూర్పు వినకుండా మందు గురించి మాట్లాడటం వైద్యం కాదు. ఇంకొక కారణం కూడా చెప్పాలి, చేదుగా ఉన్నా సరే. మన రచయితల్లో ఎక్కువమంది ఊళ్ళో పుట్టారు, పల్లెలో కాదు. గుడిని విమర్శిస్తూ రాసినవాడికి గుడి తెలుసు. అందుకే ఆ విమర్శలో పదును ఉంది. చర్చి తెలియదు కనుక విమర్శ కూడా చేయలేకపోయాడు. పొగడ్తా లేదు, తెగడ్తా లేదు, మౌనం.

రెండు పేర్ల కుర్రవాడు

ఈ మౌనానికి ధర ఉంది. అది సాహిత్యంలో కాదు, బతుకులో చెల్లించాల్సి వస్తోంది.

కొన్నేళ్ళ కిందట పదో తరగతి నామినల్ రోల్స్ రాస్తున్నాను. ఒక కుర్రవాడి పేరు రికార్డులో వేంకటేశ్వరుడిది. వెనక బెంచీ పిల్లలు వాణ్ణి దావీదు పేరుతో పిలుస్తారు. ‘ఇందులో ఏది నీ పేరురా?’ అన్నాను. వాడు తల దించుకుని, ‘రెండూ నావే సార్, చర్చి పేరు రాయకండి సార్, మా నాన్న వద్దన్నాడు’ అన్నాడు. నేను రాయలేదు. ఆ పూట పాఠం చెప్పలేకపోయాను.

ఆ తండ్రి భయానికి ఒక తేదీ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకూ ముస్లిములకూ సడలించలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాలవారిని బీసీ సీ వర్గంలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసేయమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025లో, పాస్టరుగా పనిచేస్తున్న ఒక వ్యక్తి తనను కులం పేరుతో దూషించి కొట్టారని పెట్టిన అత్యాచారాల నిరోధక చట్టం కేసును, మతం మారాడు కనుక ఆ చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. కొట్టేవాడు మతం అడిగి కొట్టడు. కులం చూసి కొడతాడు.

ఈ సత్యం మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు, బతికి బయటపడ్డవాళ్ళు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న తెనాలి పక్కనే చుండూరులో ఎనిమిదిమందిని నరికి చంపారు. శవాలను ఊరి మధ్యకు తెచ్చి దళితవాడలోనే పూడ్చి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఈ రెండు సంఘటనల మీద మన కవులు వందల కవితలు రాశారు, అందులో మంచివి ఉన్నాయి. కాని చనిపోయినవాళ్ళను సమాధి చేసేటప్పుడు వాళ్ళ తల్లులు పాడిన కీర్తనలు మన కవితల్లో లేవు. శోకం వాళ్ళది, భాష మనది అయింది.

పేరు దాచుకున్న మనిషి బతుకులో సగం దాచుకుంటాడు. సగం దాచుకున్న బతుకును చూసి మనం పల్లె వాస్తవికత అని కథలు రాశాం. రికార్డులో పేరు మాత్రమే మన కథల్లోకి వచ్చింది. ఇంట్లో పిలిచే పేరు రాలేదు. మన వాస్తవికతలో ఉన్న లోపాన్ని ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను.

చేయవలసిన పని

పాత పెంకుటి మందిరాలు ఒకటొకటిగా పడిపోతున్నాయి. వాటి స్థానంలో టైల్సూ మైకులూ వస్తున్నాయి. కొత్త ప్రార్థన కూటాల డ్రమ్ముల్లో పాత కీర్తనల రాగాలు మునిగిపోతున్నాయి. ఉపదేశుల డైరీలు, బాప్తిస్మపు రిజిస్టర్లు చెదలు తింటున్నాయి. ఆ రిజిస్టరు మామూలు కాగితం కాదు. ఊరి కరణం లెక్కల్లో పాలేరుగా మాత్రమే ఉన్న మనిషి, తండ్రి పేరుతో, తల్లి పేరుతో, పుట్టిన తేదీతో మొదటిసారి అక్షరాల్లోకి ఎక్కిన పుస్తకం అది. చరిత్ర కింది నుంచి రాయాలనే వాళ్ళకు అంతకంటే ఆధారం ఏముంటుంది?

మన సంఘం శాఖలు జానపద గేయాలు సేకరించాయి, పోరాట గాథలు సేకరించాయి. ఇప్పుడు పల్లె చర్చికి వెళ్ళాలి. నమ్మకం కోసం కాదు, నమ్మినవాళ్ళ కోసం. ముసలివాళ్ళు ఉండగానే కీర్తనలు వాళ్ళ గొంతులోనే రికార్డు చేయాలి. ఉపదేశుల కుటుంబాలను కలిసి, రిజిస్టర్లు చూపించమని అడగాలి. చర్చి చేసిన మేలూ, చర్చి చేసిన మోసమూ రెండూ వాళ్ళ నోటనే వినాలి. వాళ్ళు రెండూ దాచుకోకుండా చెబుతారు, అడిగేవాడు గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి చాప మీద కూర్చుంటే.

1943లో తెనాలిలో కూర్చున్న పెద్దలు సాహిత్యం ప్రజల దగ్గరకు వెళ్ళాలన్నారు. అప్పటికే ఆ ప్రజలు సాయంత్రం పూట లాంతరు కింద పోగై, తమ రాగంలో తమ బాధ చెప్పుకుంటున్నారు. మనం ఆలస్యంగా వెళుతున్నాం. ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు. వాడి రెండు పేర్లూ ఒకే పేజీలో రాయగలిగిన కథ మన పత్రికలో అచ్చయిన రోజున, సంగం జాగర్లమూడి దాటి వేజెండ్ల దాకా మన సాహిత్యం చేరిందని నేను ఒప్పుకుంటాను.